గోదావరి డెల్టాలో సైకిల్ రౌండు: వెళ్ళిన దారిన తిరిగి రాకుండా ఇంటికి చేరడం ఎలా

“పొద్దున్నే ఇటు వెళ్ళారు, ఇప్పుడు అటు నుంచి వస్తున్నారేంటండీ, దారి ఎక్కడ కలిసింది?” సైకిల్ మీద తిరగడం మొదలెట్టినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. అడిగినవాళ్ళలో కొందరు ప్రయత్నించి మధ్యలో ఇరుక్కుని, హైవే ఎక్కి, లారీల మధ్య ఇంటికొచ్చారు. అందుకని మొదటి నుంచి చివరిదాకా ఏది ముందు చూసుకోవాలి, ఏది తర్వాత అన్నది వరసగా రాస్తున్నాను. కొత్తవాళ్ళు వరస మార్చకండి, మన దగ్గర రౌండు చెడేది ఎక్కువగా అక్కడే.

1. ఊళ్ళు తర్వాత, ముందు నీళ్ళు ఎక్కడ దాటాలో తేల్చుకోండి

మెట్టలో ఊరూ ఊరూ కలుపుకుంటూ పోతే రౌండు దానంతటదే తయారవుతుంది. డెల్టాలో అలా కుదరదు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది, వశిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది, ఈ పాయల మధ్య పెద్ద కాలవలు, వాటి నుంచి పిల్ల కాలవలు, వాటన్నిటి నీళ్ళూ దింపే మురుగు కాలవలు. అవతలి ఊరు కళ్ళెదురుగా ఉన్నా వంతెన లేకపోతే అది చాలా దూరం కిందే లెక్క.

ఒకసారి కోనసీమలో ఒక మురుగు కాలవ గట్టు మీద ఆగిపోయాను. అవతల గేదెలు కడుగుతున్న కుర్రాడితో మామూలు గొంతుతోనే మాట్లాడాను, అంత దగ్గర. వంతెన ఎక్కడ బాబూ అంటే నేను వచ్చిన వైపే చెయ్యి చూపించాడు. నాలుగు కిలోమీటర్లు. వెళ్ళి దాటి మళ్ళీ అదే చోటికి రావడానికి ఎనిమిది. ఎండలో ఆ ఎనిమిది కిలోమీటర్లే ఆ రోజు మొత్తాన్ని పాడు చేశాయి.

కాబట్టి కాగితం మీద మొదట రాసుకోవాల్సింది దాటే చోట్లు. పెద్ద పాయల మీద సైకిల్‌కి పనికొచ్చేవి ఇవి:

- ధవళేశ్వరం బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా 175 గేట్ల మీదుగా దాటతాం, మధ్యలో లంకలు (నది మధ్య దిబ్బలు) తగులుతాయి.
- రాజమండ్రి, కొవ్వూరు మధ్య పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన. మరమ్మతులకి అప్పుడప్పుడూ మూసేస్తారు, ముందురోజు కనుక్కోండి.
- గౌతమి మీద జొన్నాడ–రావులపాలెం, వశిష్ఠ మీద సిద్ధాంతం. రెండూ 16వ నంబరు జాతీయ రహదారి మీదే. తెల్లవారుజామున తప్ప నేను ఎక్కను.
- గౌతమి మీద యానాం–ఎదుర్లంక.
- వశిష్ఠ మీద చించినాడ.
- వైనతేయ మీద బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, పి.గన్నవరం అక్విడక్టు (పాయ మీదుగా కాలవని దాటించే కట్టడం).
- పంట్లు (మనుషుల్నీ బళ్ళనీ పాయ దాటించే బల్లపరుపు పడవలు): కోటిపల్లి–ముక్తేశ్వరం, నరసాపురం–సఖినేటిపల్లి.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఏ పాయనైనా ఒకసారి దాటితే ఇంటికి రావడానికి ఇంకోసారి దాటాలి. అంటే పాయ దాటే రౌండుకి రెండు దాటే చోట్లు కావాలి, రెండూ ఆ రోజు తెరిచి ఉండాలి. మొదటి రెండు మూడు రౌండ్లు అసలు పాయ దాటనివే పెట్టుకోండి, ఒకే లంకలోనో, నదికి ఒకే ఒడ్డునో.

కాలవల విషయంలో మాత్రం లాకులు (కాలవ నీళ్ళని ఆపి వదిలే గేట్లు) మనకి వరం. లాకులున్న చోట దాటడానికి దారి ఉంటుంది, టీ కొట్టు ఉంటుంది, చెట్టు నీడ ఉంటుంది. నేనైతే లాకు నుంచి లాకుకి అన్నట్టే రౌండు గీస్తాను.

2. గాలి చూసి ఏ వైపు తిరగాలో తేల్చుకోండి

మనకి కొండలు లేవు. వంతెన ఎక్కేటప్పుడు తప్ప ఎత్తు అనేదే రాదు. ఇక్కడ ఎత్తు అంటే ఎదురుగాలే, అదీ వరిచేల మధ్య అడ్డు లేకుండా వచ్చేది. అదే రౌండుని కుడి నుంచి తిరిగితే హాయిగా, ఎడమ నుంచి తిరిగితే నరకంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

స్థూలంగా చెప్పాలంటే చలికాలం పొద్దున్న గాలి ఉత్తరం, ఈశాన్యం వైపు నుంచి పల్చగా ఉంటుంది. వేసవిలో దక్షిణం పట్టు. వానాకాలంలో పడమటి గాలి బలంగా కొడుతుంది. ఇవి కాక ఎండెక్కాక సముద్రం మీద నుంచి గాలి లోపలికి మళ్ళుతుంది, తీరానికి దగ్గరయ్యే కొద్దీ ఇది గట్టిగా తెలుస్తుంది.

దీన్నిబట్టి సూత్రం ఒకటే: సముద్రం వైపు వెళ్ళే భాగాన్ని పొద్దున్నే, గాలి లేవకముందే అవగొట్టండి. అలసిపోయిన చివరి 15 కిలోమీటర్లు గాలివాటున ఉండాలి.

ఫోన్లో గాలి చూపించే యాప్ చూసినా, బయలుదేరే ముందు కొబ్బరి చెట్ల వైపు ఒకసారి చూడండి. మట్టలన్నీ ఒకే వైపు దువ్వినట్టు ఒరిగి ఉంటే ఆ రోజు గాలి ఆటలాడేది కాదు. యాప్ ఒకటి చెప్పి, చెట్టు ఇంకొకటి చెబితే చెట్టునే నమ్మండి.

3. ఏ నెల, ఏ రోజు

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కానీ ఆ కాలానికీ రెండు చిక్కులున్నాయి. సార్వా (వానాకాలం వరి) కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, ట్రాక్టర్లు, కోత మిషన్లు చేల నుంచి బురదతో రోడ్డెక్కుతాయి. డిసెంబరు, జనవరిలో కాలవల మీద మంచు దట్టంగా పడుతుంది, ఆరున్నర దాకా పది గజాల అవతల ఏముందో కనిపించని రోజులుంటాయి. అలాంటి రోజు అరగంట ఆలస్యంగా బయలుదేరడం తప్పేమీ కాదు.

దాళ్వా (రెండో పంట వరి) కోత అయ్యాక కాలవలు కట్టేస్తారు, మళ్ళీ సాధారణంగా జూన్‌లో నీళ్ళు వదులుతారు. ఆ మధ్య కాలంలో గట్ల పనులు, పూడిక తీతలు జరుగుతుంటాయి, పోయిన నెల బాగున్న గట్టు ఈ నెల తవ్వేసి ఉండొచ్చు. వేసవిలో తిరగాలంటే తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. 

జూలై నుంచి సెప్టెంబరు వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక పడిందంటే పంటు, లంక ఊళ్ళు, కాజ్‌వేలు (పాయకి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన రోడ్లు) ఉన్న రౌండు ఏదీ ఆ వారం పెట్టుకోకండి. చాకలిపాలెం–కనకాయలంక లాంటి కాజ్‌వేలు వరదొస్తే మునిగిపోతాయి. నీళ్ళు మోకాలి లోతే కదా అని సైకిల్ దింపకండి, లోతు కాదు, ఆ లాగుడు మనిషిని పడేస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు ఉంటే సరేసరి.

వారం కూడా చూసుకోవాలి. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్ళు వేల మంది వస్తారు, శనివారం ఆ రోడ్డు సైకిల్‌కి కాదు. శివరాత్రికి కోటిపల్లి, మాఘంలో కల్యాణం రోజుల్లో అంతర్వేది, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల రోడ్లు. వీటికి వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, రౌండు మధ్యలో మాత్రం పెట్టుకోకండి.

4. మ్యాప్ మీద గీయడం

ఫోన్లో మామూలు మ్యాప్ కాకుండా ఉపగ్రహ చిత్రం తెరవండి. కారు దారి అడిగితే మ్యాప్ మిమ్మల్ని హైవే మీదకే తోస్తుంది, నడక దారి అడిగితే గట్లు చూపిస్తుంది. నేను రెండూ తీసి పక్కపక్కన పెట్టుకుంటాను.

చిత్రంలో చూడాల్సినవి:

(అ) కాలవకి రెండు గట్లుంటాయి. సాధారణంగా ఒకదాని మీద తారు రోడ్డో సిమెంటు రోడ్డో ఉంటుంది, రెండోది మట్టి. బూడిద రంగు గీత తారు, గోధుమ రంగు గీత మట్టి, మధ్యలో పచ్చ చార ఉన్న జంట గీత అంటే ట్రాక్టర్ చక్రాల దారి. ఈ మూడోది వానాకాలంలో పనికిరాదు.

(ఆ) పుంత. చేల మధ్య నుంచి ఊళ్ళోకి వెళ్ళే పాత బండి దారి. కొన్ని సిమెంటు అయ్యాయి, కొన్ని చేల మధ్యలో ఆగిపోతాయి. పుంత అవతలి రోడ్డుకి కలిసిందో లేదో బాగా దగ్గరగా లాగి చూడండి.

(ఇ) మురుగు కాలవ మీద సన్నటి అడ్డగీత కనిపిస్తే వంతెన అనుకోకండి. చాలాసార్లు అది రెండు తాటి దుంగలు. మనిషి నడుస్తాడు, సైకిల్‌ని భుజాన వేసుకుని తడి దుంగ మీద నడవడం వేరే సంగతి. నేను మానేశాను, మీరూ మానేయండి.

(ఈ) చెరువులు. నలుచదరపు నీళ్ళ గళ్ళు వరసగా కనిపిస్తే చేపల చెరువులో రొయ్యల చెరువులో. వాటి మధ్య గట్లు సొంత ఆస్తి, అవతల దారి ఉండదు, కాపలా కుక్కలుంటాయి. గీత వాటి చుట్టూ తిప్పండి.

గీశాక ప్రతి 10 కిలోమీటర్లకీ ఒక అడ్డదారి గుర్తు పెట్టుకోండి, అంటే అక్కడ రౌండు ఆపేసి పెద్ద రోడ్డు మీదుగా ఇంటికి రాగలిగే చోటు. తర్వాత మొత్తం దారిని స్క్రీన్‌షాట్లుగా తీసుకోండి. ఎండలో, చెమట చేతులతో, సిగ్నల్ ఊగిసలాడే చోట మ్యాప్ లాగుతూ కూర్చోవడం కన్నా ఫొటో చూడటం తేలిక.

వీలైతే కొత్త గట్టుని ముందు ఒకసారి బండి మీద చూసి రండి. పెట్రోలు దండగ అనిపిస్తుంది గానీ, పదిమందిని వెంటేసుకుని వెళ్ళే రోజున ఆ చూసొచ్చిందే కాపాడుతుంది.

5. దారి అడగడం

దీనికి వేరే అంకె ఇవ్వడానికి కారణం ఉంది. మన ఊళ్ళలో దారి అడిగితే లేదనరు, మర్యాదకి “ఎళ్ళిపోవచ్చండీ” అంటారు. మనం అడిగిన తీరులోనే తేడా ఉంటుంది.

“ఈ గట్టు మీద వెళ్ళొచ్చా?” అని అడిగితే ఎప్పుడూ అవుననే జవాబు. “ట్రాక్టర్ వెళ్తుందా?” అన్నా ఉపయోగం లేదు, ట్రాక్టర్ వెళ్ళే బురదలో సైకిల్ వెళ్ళదు. నేను అడిగేది ఇది: “పాలవాళ్ళు మోపెడ్ మీద ఈ దారినే వస్తారాండీ?” వస్తారంటే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. పాల క్యాన్లు రెండు వైపులా తగిలించుకుని రోజూ రెండుసార్లు వెళ్ళే మనిషి చెడ్డ దారి ఎంచుకోడు. “ఆళ్ళు అటు తిరిగి వత్తారండీ” అన్నారంటే మీరూ అటే తిరగండి.

పెద్దవాళ్ళు కనిపిస్తే దిగి అడగండి. సైకిల్ మీదే ఉండి ఒక కాలు ఆనించి అడిగితే ఒక్క ముక్కలో చెబుతారు, దిగి అడిగితే గట్టు ఎక్కడ తెగిందో, ఏ తూము దగ్గర గొయ్యి ఉందో కూడా చెబుతారు. దూరం “ఒక కిలోమీటరుంటాది” అంటే మూడు వేసుకోండి.

ఒకవేళ దారి పూర్తిగా తప్పి, ఫోనూ పోతే, కాలవలో నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడండి. సాగునీటి కాలవ బ్యారేజీ వైపు నుంచి సముద్రం వైపు పారుతుంది, దిక్కు అక్కడే తెలిసిపోతుంది. మురుగు కాలవని మాత్రం నమ్మొద్దు, తీరం దగ్గర పోటు వచ్చినప్పుడు అవి వెనక్కి తన్నుతాయి.

6. టైము లెక్క

కిలోమీటర్లు చూసి టైము వేయకండి, దారి రకం చూసి వేయండి. మామూలుగా తొక్కేవాళ్ళకి నా లెక్క: తారు రోడ్డు మీద గంటకి 15, మంచి మట్టి గట్టు మీద 10, ఇసుకలోనో గోతుల్లోనో 6. పంటుకి అరగంట విడిగా.

45 కిలోమీటర్ల రౌండులో 25 తారు, 20 గట్టు అనుకోండి. తారుకి గంటా నలభై నిమిషాలు, గట్టుకి రెండు గంటలు. టిఫినుకి, బొండానికి, ఫొటోలకి ముప్పావు గంట. ఒక పంక్చరుకి ఇరవై నిమిషాలు, పడకపోతే మిగిలినట్టు. మొత్తం నాలుగుముప్పావు గంటలు. పావుతక్కువ ఆరింటికి బయలుదేరితే పదిన్నరకి ఇల్లు. ఈ లెక్కలో పదకొండు దాటేలా ఉంటే రౌండు తగ్గించండి, వేగం పెంచుదామనుకోకండి.

7. సైకిల్ సిద్ధం చేయడం

గేర్ల సైకిలే కావాలని లేదు. నేల చదును కాబట్టి పాత గేరు లేని సైకిల్ మీద కూడా 40 కిలోమీటర్లు హాయిగా తిరగొచ్చు, సీటు ఎత్తు సరిగ్గా ఉంటే. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. మన దగ్గర పదిమందిలో ఏడుగురు సీటు మరీ కిందికి పెట్టుకుని తొక్కుతారు, తర్వాత మోకాళ్ళ నొప్పులంటారు.

టైరు గురించి మాత్రం పట్టుదలగా చెబుతాను. సన్నటి రేసు టైర్లు గట్టుకి వద్దు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు మన దారులకి సరిపోతుంది. తారు మీదకని గాలి రాయిలా కొట్టించకండి, గట్టు మీద ఎగిరెగిరి పడతారు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లొంగాలి.

వాల్వు విషయం చాలామందికి రోడ్డు మీదే తెలుస్తుంది. మీ ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే ఊళ్ళో పంక్చరు షాపులో గాలి కొట్టడం కుదరదు, అక్కడ ఉండేది బైకు వాల్వుకి సరిపోయే మూతి. చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి కొని సీటు కింది సంచిలో పడేయండి.

తుమ్మ ముల్లు మన ప్రధాన శత్రువు. గట్టు మీద కంచెకి వేసిన కొమ్మలు ఎండి దారి మీదకి వస్తాయి. పంక్చరు పడితే ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో నెమ్మదిగా చుట్టూ తడమండి. ముల్లు కొన విరిగి రబ్బర్లోనే ఉంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే ఫర్లాంగు కూడా వెళ్ళరు.

8. నీళ్ళు, తిండి

చలికాలంలో ఒక సీసా చాలు. మార్చి దాటాక గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగాలి, అందులో ఒక సీసాలో ఓఆర్ఎస్ కలపండి, వట్టి నీళ్ళతో కుదరదు. కొబ్బరి బొండాలు ఎక్కడైనా దొరుకుతాయని సీసా ఖాళీగా వదలకండి, కొబ్బరి తోటల మధ్య పది కిలోమీటర్లు వెళ్ళినా కొట్టిచ్చేవాడు దొరకని దారులున్నాయి.

బయలుదేరే ముందు అరటిపండు, గంటన్నర తర్వాత ఏదో ఒక లాకుల దగ్గరో ఊళ్ళోనో ఇడ్లీ. పెసరట్టు ఉప్మా రౌండు అయ్యాక తినండి, మధ్యలో తింటే తర్వాతి గంట కాళ్ళు కదలవు.

9. మొదలుపెట్టడానికి నాలుగు రౌండ్లు

దూరాలు మీరు పట్టిన గట్టుని బట్టి అటూ ఇటూ అవుతాయి, ఒకసారి మీరే కొలుచుకోండి.

మొదటిది పాయ దాటని రౌండు. రావులపాలెం నుంచి లొల్ల లాకులు, ఆత్రేయపురం, బొబ్బర్లంక దాకా కాలవ వెంట వెళ్ళి, తిరుగు దారిలో ర్యాలి మీదుగా రావులపాలెం. 45 కిలోమీటర్ల చుట్టుపక్కల. కాలవ పొడుగునా చెట్లు, నీడ, ఊరూరా మనుషులు. వెళ్ళేటప్పుడు సముద్రానికి దూరంగా, వచ్చేటప్పుడు సముద్రం వైపు వస్తాం కాబట్టి చలికాలం పొద్దున్న వచ్చేటప్పుడు గాలి మనదే. వేసవిలో ఎండెక్కితే ఎదురవుతుంది, అందుకే త్వరగా తిరగండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొంటే డబ్బా వెనక క్యారేజీ మీద కట్టకండి, అదురుకి పొడైపోతాయి. వీపు సంచిలో పైన పెట్టుకోండి.

రెండోది రాజమండ్రి వాళ్ళకి. ధవళేశ్వరం బ్యారేజీ దాటి విజ్జేశ్వరం, అక్కడి నుంచి గోదావరి ఒడ్డునే కొవ్వూరు, రోడ్డు కం రైలు వంతెన మీదుగా వెనక్కి. 30 కిలోమీటర్ల లోపే, కానీ నదిని రెండుసార్లు దాటిన తృప్తి ఉంటుంది. బ్యారేజీ రోడ్డు ఇరుకు, ఏడు దాటితే బళ్ళ రద్దీ, కాబట్టి దాన్ని ముందు పెట్టుకోవాలి.

మూడోది నరసాపురం. పంటు మీద సఖినేటిపల్లి, మలికిపురం, దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు, నరసాపురం. 40 కిలోమీటర్లకి అటూ ఇటూ. మొదటిసారి పంటు దాటడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి రౌండు లేదు.

నాలుగోది పెద్దది, కాళ్ళు కుదిరాకే. అమలాపురం, ముక్తేశ్వరం, పంటు, కోటిపల్లి, అక్కడి నుంచి ఏటిగట్టు పట్టుకుని యానాం, ఎదుర్లంక వంతెన, మురమళ్ళ, ముమ్మిడివరం, అమలాపురం. దీన్ని తప్పకుండా ఈ వైపే తిరగాలి. యానాం వైపు తూర్పుగా వెళ్ళే భాగం గాలి లేవకముందే అయిపోతుంది, వంతెన దాటాక సముద్రపు గాలి వెనక నుంచి, పక్క నుంచి తోస్తుంది.

10. దారిలో

గట్టు మీద ఎప్పుడూ మధ్యలో తొక్కండి, అంచున మట్టి గుల్లగా ఉంటుంది. ఎదురుగా ట్రాక్టర్ వస్తే దిగి, కాలవ వైపు కాకుండా చేల వైపు నిలబడండి. గుంపుగా ఉంటే ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ళ పట్టు ఖాళీ. గట్టుకి పిట్టగోడ ఉండదని పక్కపక్కన కబుర్లు చెప్పుకునేవాళ్ళకి గుర్తు చేస్తూ ఉండాలి.

రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే చక్రం దాని మీదకి పోనివ్వకండి. ఆరు నెలల కష్టం అది, మనకి ఒక్క అడుగు పక్కకి తప్పుకోవడం పెద్ద పని కాదు. అసలు ప్రమాదం ధాన్యం ఎత్తేశాక ఉంటుంది. బరకాలు ఎగరకుండా అంచున పెట్టిన రాళ్ళు రోడ్డు మీదే మిగిలిపోతాయి, చీకట్లోనో మంచులోనో వాటి మీద ముందు చక్రం ఎక్కితే మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్ళిపోతాడు.

నల్లమట్టి తడిగా ఉంటే తొక్కకండి. మొదటి రెండు చుట్లు బాగానే తిరుగుతుంది, తర్వాత మట్టికి గడ్డి తోడై బ్రేకుకీ టైరుకీ మధ్య మినప్పిండిలా పట్టుకుంటుంది, చక్రం ఆగిపోతుంది. బలవంతంగా తోస్తే గేరు విరుగుతుంది. ఎత్తుకుని గడ్డి ఉన్న పక్కకి నడవండి, పుల్లతో గీకండి, ఆరాక మిగతాది.

కుక్కలు తరిమితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టి, గట్టిగా “హే” అని నడవండి. పెద్ద వంతెనల మీద ఇనప అతుకులు అడ్డంగా ఉంటాయి, వాటిని నిటారుగా దాటండి, వాలుగా వెళ్తే సన్న చక్రం జారుతుంది, వాన పడితే మరీను.

11. పంటు ఎక్కేటప్పుడు

రేవులోకి దిగే వాలు దగ్గరే సైకిల్ దిగండి. పంటు పలక ఇనుము, మీద తడి బురద, తొక్కుతూ ఎక్కితే పడతారు. ముందు కార్లు, బైకులు ఎక్కనిచ్చి చివర్లో ఎక్కితే అంచున కాకుండా మధ్యలో చోటు చూసుకోండి. సైకిల్‌ని స్టాండు మీద వదలకండి, బ్రేకు పట్టుకుని పక్కనే నిలబడండి. చిల్లర ఉంచుకోండి. దిగేటప్పుడు తొందరపడే బైకుల్ని ముందు పోనివ్వండి.

వెళ్ళేటప్పుడే అడగాల్సింది ఒకటుంది: “గాలి వస్తే ఆపేస్తారా? ఆఖరి పంటు ఎప్పుడండీ?” పంటు తిరుగు దారిలో పెట్టుకున్నవాళ్ళు ఇది అడక్కపోతే ఒడ్డున కూర్చోవాలి, లేదా వంతెన కోసం ఎంతో దూరం చుట్టాలి. అందుకే నేను ఏ రౌండులోనైనా పంటుని మొదటి సగంలోనే పెడతాను. మొదట్లో ఆగిపోతే వెనక్కి ఇంటికెళ్ళొచ్చు.

12. ఎక్కువమంది చేసే తప్పులు, దిద్దుబాటు

- మొదటి రౌండే 80 కిలోమీటర్లు పెట్టుకోవడం. ముందు 25, తర్వాత 40, అది రెండుసార్లు బాగా జరిగాక పైకి.
- ఊరు చూసి గీయడం, వంతెన మర్చిపోవడం. మొదటి అంకెకి వెనక్కి వెళ్ళండి.
- టెన్షన్‌లో తెలియని పుంతలోకి దూరడం. చీకటి పడేలా ఉంటే తెలిసిన దారే పట్టండి, దూరమైనా సరే.
- గుంపులో అందరికన్నా వేగంగా తొక్కేవాడిని ముందు పెట్టడం. నెమ్మదిగా తొక్కేవాళ్ళని ముందు పెట్టండి, దారి తెలిసిన మనిషి చివర ఉండాలి.
- ఇంట్లో చెప్పకుండా వెళ్ళడం. దాటే చోట్ల పేర్లు రెండు, తిరిగొచ్చే టైము ఒకటి, కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

13. రాత్రి పడుకునే ముందు చూసుకోవాల్సినవి

- రెండు దాటే చోట్లూ తెరిచి ఉన్నాయని కనుక్కున్నాను
- గాలి దిక్కు చూశాను, తిరిగే వైపు తేల్చాను
- ఆ దారిలో తీర్థం, జాతర, శనివారం రద్దీ లేదు
- అడ్డదారులు గుర్తు పెట్టుకున్నాను, స్క్రీన్‌షాట్లు ఉన్నాయి
- ట్యూబు ఒకటి, ప్యాచీలు, టైరు లీవర్లు, చిన్న పంపు, అడాప్టరు, అలెన్ కీలు
- రెండు సీసాలు (చలికాలంలో ఒకటి చాలు), ఓఆర్ఎస్, అరటిపళ్ళు, చిల్లర
- హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, ఫోన్ చార్జింగు
- పాత గుడ్డ ఒకటి, ప్లాస్టిక్ సంచి ఒకటి ఫోన్ కోసం

14. ఇంటికొచ్చాక

స్నానం కన్నా ముందు సైకిల్ పని. బురద ఆరితే రాయి అవుతుంది, తడిగా ఉన్నప్పుడే మామూలు నీళ్ళతో కడగండి, పైపుతో గట్టిగా కొట్టకండి, బేరింగుల్లోకి నీళ్ళు పోతాయి. అంతర్వేది, యానాం వైపు తిరిగొస్తే ఉప్పు గాలికి చైను రెండు రోజుల్లో ఎర్రబడుతుంది, ఆ రోజే తుడిచి నూనె వేయండి, అరగంట ఆగి పైన మిగిలింది మళ్ళీ తుడిచేయండి.

తర్వాత ఒక పుస్తకం తీసి మూడే మూడు రాయండి: ఏ గట్టు చెడింది, ఏ తూము దగ్గర దాటొచ్చు, ఏ కొట్టులో ఎన్నింటికి ఇడ్లీ దిగుతుంది. పక్కన తేదీ వేయండి. కాలవలు కట్టేసిన నెల గట్టుకీ, నీళ్ళొదిలిన నెల గట్టుకీ పోలిక ఉండదు, తేదీ లేకపోతే వచ్చే ఏడాది ఆ రాత ఏ కాలానిదో మీకే తెలియదు.